కొండల గైడ్‌బుక్‌ని వెనక నుంచి చదవాలి

కొండవీడు కోటకి వెనక వాలు ఒకటుంది, ఘాట్ రోడ్డు అక్కడికి కనపడదు. ఐదేళ్ల కిందట అక్కడ మేకలు కాస్తున్న ఒకాయన్ని అడిగాను: "బాబాయ్, ఇటునుంచి పైన గోడ దాకా దారుందా?" ఆయన కర్ర బండకి ఆనించాడు. పైకి చూశాడు, నా బూట్లు చూశాడు. "ఎక్కటానికైతే ఉందమ్మా, దిగటానికి లేదు" అన్నాడు.

నేను అందులో మొదటి సగమే విన్నాను. వాలుగా ఉన్న పెద్ద బండ మీద చేతులూ కాళ్లూ వేసుకుంటూ ఇరవై నిమిషాల్లో పైకి చేరాను. పైన గోడ మొదలుంది గానీ లోపలికి పోయే సందు లేదు. వెనక్కి తిరిగి బండ అంచున కూర్చుని కాలు కిందికి జార్చాను. ఎక్కేటప్పుడు కళ్ల ముందున్న మెట్టు దిగేటప్పుడు పొట్ట కింద ఉంటుంది, కనపడదు. బొటనవేలికి ఏమీ తగల్లేదు. ఎండలో గంటన్నర కూర్చున్నాను. చివరికి ఆయనే పక్క గండి మీదుగా చుట్టూ తిరిగి వచ్చి, "ఇటు రా తల్లీ" అని రేగు చెట్ల మధ్య నుంచి దించాడు.

ఆ రోజు నుంచి ఏ కొండ గురించి ఏ పుస్తకం చేతికొచ్చినా దిగే దారి దగ్గర మొదలుపెట్టి చదువుతున్నాను. ఆ చదివే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర పద్దులు చూస్తాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారాలు కొండల మీద ఉంటాను. పటం చదవడం నేర్పింది మా చిన మామయ్య, సాగర్ కుడి కాలువ సర్వేలో పనిచేసి రిటైరైన మనిషి. గైడ్‌బుక్కులు పంపేది కాలిఫోర్నియాలో ఉండే మా తమ్ముడు. మన దగ్గర కొండ అంటే మెట్లూ గుడీ. బాటే లేని చోట, నడకకీ తాడు కట్టి ఎక్కడానికీ మధ్యలో, చేతులు కూడా వాడుతూ ఎక్కడాన్ని అక్కడివాళ్లు స్క్రాంబ్లింగ్ అంటారు. దానికోసమే రాసిన పుస్తకాలు అక్కడ అరల నిండా ఉన్నాయి. ఒక్కో దారికి ఒక పేరా, ఒక అంకె, ఒక చిన్న పటం, అంతే. ఆ పేరా నుంచి ఒక రోజు ప్రయాణం తయారుచేసుకునే పని మాత్రం చదివేవాళ్లదే.

ముందుగా ముందుమాట. చాలామంది దాన్ని వదిలేసి నేరుగా దారి పేజీకి వెళతారు. పద్దుల్లో షెడ్యూలు చూడకుండా మొత్తం చూసినట్టే అది. రాసినాయన చెప్పిన టైము పోయిరావడానికా, పోవడానికి మాత్రమేనా? ఎత్తు అడుగుల్లోనా, మీటర్లలోనా? ఏ నెలలో ఎక్కి రాశాడు? ఇది ఏ ఏడాది అచ్చు? ఇవి తెలియకుండా లోపలి అంకెలు ఎందుకూ పనికిరావు.

అన్నిటికంటే ఎక్కువ ముంచేది కష్టం అంకె. అమెరికా పుస్తకాల్లో క్లాస్ 1 నుంచి 5 దాకా ఉంటాయి. సియెరా క్లబ్ అనే అక్కడి పర్వతారోహకుల సంఘం వాళ్లు 1937లో మొదలుపెట్టిన లెక్క ఇది. ఒకటి అంటే నడక, మన మంగళగిరి పానకాల స్వామి మెట్లలాంటిది. రెండు అంటే ఎగుడుదిగుడు రాళ్ల మీద నడక, అప్పుడప్పుడూ చెయ్యి ఆనించాల్సి వస్తుంది. మూడులో చేతులు లేకపోతే పని జరగదు. నాలుగులో పడితే ప్రాణానికే ముప్పు, చాలామంది తాడు కట్టుకుంటారు. ఐదు అంటే తాడూ సరంజామాతో చేసే అసలు రాతి ఎక్కుడు. బ్రిటన్ స్క్రాంబ్లింగ్ పుస్తకాల్లో లెక్క వేరు. అక్కడ గ్రేడ్ 1, 2, 3 అంటారు, 3 అంటే తేలిక రాతి ఎక్కుడుకి దగ్గర పడేది, తాడు దగ్గర ఉంచుకోమంటారు. ఒక పుస్తకంలో 3 చేశాను కదా అని ఇంకో పుస్తకంలో 3కి బయల్దేరితే తేడా బండ మీదికి వెళ్లాక తెలుస్తుంది. పైగా ఆ అంకె దారి మొత్తంలో అన్నిటికంటే కష్టమైన చోటుకి వేసింది. ఆ చోటు ఐదడుగులుందా, ఐదు వందల అడుగులుందా అన్నది అంకె చెప్పదు. రాయి గట్టిదా, చేతిలోకి ఊడొచ్చేదా అన్నదీ చెప్పదు. అవి పేరాలో వెతుక్కోవాలి. ఒక్కోసారి పేరాలోనూ ఉండవు.

కుడి ఎడమల సంగతి ఒకటుంది. వాగుకి ట్రూ లెఫ్ట్ అని రాస్తే నీళ్లు పారే వైపు ముఖం పెట్టి నిలబడితే వచ్చే ఎడమ. మనం వాగు వెంట పైకి ఎక్కుతుంటాం కాబట్టి అది మనకి కుడిచేతి వైపు పడుతుంది. నేను పుస్తకంలో లెఫ్ట్, రైట్ అని ఉన్న ప్రతి చోటా పెన్సిలుతో తూర్పు, పడమర అని రాసుకుంటాను. దిక్కు ఎటు తిరిగి నిలబడ్డా మారదు.

ఇప్పుడు వెనక నుంచి చదవడం. తమ్ముడితో వెళ్లిన కొండే ఉదాహరణగా చెబుతాను. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కు తూర్పు అంచున మౌంట్ డేనా, 13,061 అడుగులు. టయోగా పాస్ అనే కనుమ దాకా కారు పోతుంది, అదే 9,943 అడుగులు. పార్కు వాళ్లు వేసిన బాట లేదు, జనం నడిచి నడిచి పడిన జాడలున్నాయి. క్లాస్ 2. దారి వర్ణన ఎక్కడ చదివినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది: కనుమ మీది పార్కు గేటు దగ్గర నుంచి తూర్పుకి కుంటల మధ్య పచ్చిక దాటాలి, పైన్ చెట్ల అడవిలో నిటారుగా ఎక్కాలి, సుమారు 11,600 అడుగుల దగ్గర చదును వస్తుంది, అక్కడ పెద్ద రాళ్ల కుప్ప ఉంటుంది, అక్కడి నుంచి విరిగిన రాళ్ల వాలు మీదుగా శిఖరం.

ఎక్కేవాళ్లకి ఇది సరిపోతుంది. శిఖరం ఒక్కటే, పైకి పోతుంటే ఎవరైనా అక్కడికే చేరతారు. ఇప్పుడు దీన్నే చివరి నుంచి మొదటికి తిప్పి రాయండి. శిఖరం మీద నిలబడ్డాను. కింద అంతా ఒకే రంగు రాళ్లు, జాడలు నాలుగైదుగా చీలిపోయి ఉన్నాయి. ఏది పట్టుకోవాలి? చదును వెడల్పుగా ఉంది, రాళ్ల కుప్ప ఎంత దూరం నుంచి కనపడుతుంది? మబ్బు దిగితే? ఉత్తరం వైపుకి జరిగిపోతే ఏమవుతుంది? అటుపక్క హిమానీనదం ఉన్న లోతైన లోయ ఉంది. చదును దాటాక అడవిలోకి ఏ చోట దిగాలి, రోడ్డు ఏ దిక్కున ఉంది? ఈ ప్రశ్నలకి వర్ణనలో జవాబుల్లేవు, పటంలో ఉన్నాయి. నేను ఆ పేజీ పక్కన రాసుకున్నది ఇది: "శిఖరం నుంచి పడమటి వాలు వదలొద్దు. ఉత్తరపు అంచు దగ్గరికి పోవద్దు. చదును మీద కుప్ప తగిలేదాకా దిక్సూచి చూసుకుంటూ ఉండు. అడవిలో దారి తప్పితే పడమరగా దిగు, రోడ్డు అడ్డం వస్తుంది." పొడుగ్గా అడ్డంగా పడుకున్న రోడ్డో, కాలువో, పెద్ద వాగో దిగే దిక్కులో ఉంటే దాన్ని కాగితం మీద ఎర్ర సిరాతో గీస్తాను. మరీ తప్పినా అది ఆపుతుంది.

ఇలా తిప్పి రాసేటప్పుడు ఎక్కడైనా కలం ఆగిపోతే, "ఇక్కడ దిగేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలి" అన్నది తేలకపోతే, ఆ దారి నాది కాదు. వేరే పేజీ తిప్పుతాను. ఎక్కడం క్లాస్ 3, దిగడానికి పక్కనే క్లాస్ 2 ఉన్న కొండలు చాలా ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి. మొదటి రెండేళ్లూ అలాంటివి మాత్రమే పెట్టుకోండి.

టైము లెక్కకి 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన ఇచ్చిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: మూడు మైళ్లకి ఒక గంట, ఎక్కిన ప్రతి రెండు వేల అడుగులకీ ఇంకో గంట. మన లెక్కలో ఐదు కిలోమీటర్లకి గంట, ఆరు వందల మీటర్ల ఎక్కుడుకి గంట. డేనాకి పోవడానికి మూడు మైళ్లు, ఎక్కుడు మూడు వేల నూట పద్దెనిమిది అడుగులు. సూత్రం ప్రకారం రెండున్నర గంటల చిల్లర. అది మామూలు బాట మీద, మామూలు ఎత్తులో. విరిగిన రాళ్ల మీద అడుగు పడే తీరు వేరు, పదమూడు వేల అడుగుల దగ్గర ఊపిరి అందే తీరు వేరు. గుంటూరు నుంచి వెళ్లిన నాకు నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది, అదీ ముందు రాత్రి ఎత్తులోనే పడుకుని అలవాటుపడ్డాక.

అందుకే ఎవరి గుణకం వాళ్లు తెలుసుకోవాలి. నాది కొండపల్లిలో తేల్చుకున్నాను. కోట దాకా దారి నడిచి, సూత్రం చెప్పిన టైముని అసలు పట్టిన టైముతో పోల్చాను. మూడు ఆదివారాలు, మూడు సంచుల బరువులతో. బాట మీద నాకు సూత్రం టైముకి ఒకటీ పావు రెట్లు, రాళ్ల మీద ఒకటిన్నర దాటుతుంది. ఒక పుస్తకంలో రెండు మూడు దారులు చేశాక రచయిత వేగం కూడా తెలుస్తుంది. తమ్ముడు పంపిన పుస్తకం రాసినాయన గంట నాకు గంటా నలభై. ఆ అంకె అట్ట లోపల రాసి ఉంచాను.

ఇక పటం. ఇక్కడ మా మామయ్య మాట వస్తుంది. ఆయన వంటింట్లోంచి నూలు దారం తెప్పించి, తడిపి, పటం మీద దారి వంపులన్నిటి మీదా పరిచేవాడు. తడి దారం కాగితానికి అంటుకుని కదలదు. తర్వాత దాన్ని ఎత్తి స్కేలు మీద పెట్టేవాడు. 1:50,000 పటంలో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఫోనులో వేలితో గీస్తే వచ్చే దూరం కంటే ఇది నెమ్మది, కానీ ప్రతి వంపునీ కళ్లతో చూస్తాం. "అమ్మాయ్, దారం ఎక్కడ మడత పడిందో అక్కడ నీ కాళ్లూ తడబడతాయి, అక్కడ గుర్తు పెట్టు" అనేవాడు. కాంటూరు గీతల, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతల, ముక్కు ఎగువకి ఉంటే అది వాగు, దిగువకి ఉంటే గట్టు, గీతలు దగ్గరపడితే నిటారు. ఇంతే విద్య, కానీ ఒక పటం ముందు పది సాయంత్రాలు కూర్చుంటే గానీ కంటికి రాదు.

పటం దాచేదొకటుంది, నాకు కొండవీడులో తగిలింది అదే. మన సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో గీతకీ గీతకీ మధ్య 20 మీటర్లు. నేను ఇరుక్కున్న బండ ఎత్తు పన్నెండు పదమూడు మీటర్లుంటుంది. రెండు గీతల మధ్య అది హాయిగా దాక్కుంటుంది, పటం మీద అక్కడ మామూలు వాలే కనపడుతుంది. అమెరికా పటాల్లో ఆ కొండల మీద గీతల మధ్య 40 అడుగులు, అంటే పన్నెండు మీటర్లు. కాస్త నయం, అయినా రెండు నిలువుల బండ కనపడదు. కాబట్టి గైడ్‌బుక్‌లో ఉన్న ఒక చిన్న ముక్క, "చిన్న బండ తగులుతుంది, దక్షిణం నుంచి చుట్టి వెళ్లాలి" లాంటిది, పటం మొత్తం కంటే విలువైనది. అలాంటి ముక్కలన్నిటి కింద గీత గీయండి. తర్వాత ఉపగ్రహ చిత్రంలో ఆ చోటు చూడండి. పొద్దున తీసిన చిత్రంలో నీడ పడమటికి పడుతుంది, నీడ పొడుగుని బట్టి బండ ఎత్తు అందాజుగా తెలుస్తుంది.

మన పటాల గురించి రెండు ముక్కలు. సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే ఓపెన్ సిరీస్ పటాలు పిడిఎఫ్‌గా దొరుకుతాయి. పాత షీట్ల లెక్కలో కొండపల్లి 65 డి/10 నంబరు షీటులో పడుతుంది. పాత షీట్లు ఎవరెస్ట్ గోళం అనే, భూమి ఆకారానికి పాతకాలం వాళ్లు కట్టిన లెక్కతో వేసినవి, జిపిఎస్ వాడేది వేరే లెక్క. పాత షీటు మీది అక్షాంశ రేఖాంశాలు నేరుగా ఫోనులో కొడితే పక్క వాగులో తేలతారు. కొత్త ఓపెన్ సిరీస్ జిపిఎస్ లెక్కతోనే ఉంది, అదే వాడండి.

పుస్తకం వయసు. రాసినాయన చూసిన కొండ ఆ రోజుది. 2023లో సియెరాలో, అంటే డేనా ఉన్న పర్వతాల వరుసలో, మంచు ఎంత పడిందంటే టయోగా రోడ్డు జూలై 22 దాకా తెరవలేదు. మేము జూన్ ఆఖరుకి టికెట్లు చూసుకుంటున్నాం, పుస్తకం ప్రకారం జూన్ మంచి నెలే. తమ్ముడు పార్కు వాళ్ల ప్రకటన చూసి, "అక్కా, సెప్టెంబరుకి మార్చేద్దాం" అన్నాడు. ఇక్కడైతే 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో వానకి కొండచరియ విరిగిపడి ఇళ్ల మీద పడింది, ప్రాణాలు పోయాయి. మన విజయవాడ కొండల్లో ఖోండలైట్ రాయి ఎక్కువ. అది మెత్తబడి పగులుతుంది, నీళ్లు దిగిన పగులు ఎప్పుడు విడుస్తుందో బయటికి కనపడదు. పెద్ద వాన తర్వాత ఆరు వారాలు నేను నిటారు వాలు జోలికి వెళ్లను. అది నా సొంత లెక్క, ఇంకా ఎక్కువ ఆగినా తప్పులేదు. పాత పుస్తకంలో "గట్టి రాయి" అని ఉంటే పక్కన అచ్చు సంవత్సరం రాసుకోండి.

మన కొండలకి ఇలాంటి గైడ్‌బుక్కులే నా చేతికి రాలేదు, అది నాకు నిజంగా బాధ. 1883లో గోర్డన్ మెకెంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఉంది, అప్పటికి గుంటూరు కూడా కృష్ణా జిల్లాలోదే, 1904లో విడిపోయింది. కోటల కథలకి అది మంచి పుస్తకం. కాలు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే మనుషుల్ని అడగాలి: మేకల కాపరులు, తేనె పట్టేవాళ్లు, కొండపల్లి బొమ్మలకి తెల్ల పొణికి కర్ర తెచ్చేవాళ్లు, ఫారెస్టు బీటు వాళ్లు. అడగడానికీ ఒక పద్ధతి ఉంది. "దారుందా" అని అడిగితే ఉందనే అంటారు, వాళ్ల కాళ్లకి ఉంది కాబట్టి. "మేక పిల్లలు దిగుతాయా", "గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని మీ ఇంట్లో ఆడవాళ్లు దిగుతారా" అని అడగండి. మోపుతో దిగుతారంటే అది క్లాస్ 1. పెద్ద మేకలు మాత్రమే అంటే 3 అనుకోండి. కొండపల్లి, కొండవీడు చుట్టూ ఉన్నది రిజర్వు అడవి. బాట వదిలి లోపలికి పోవాలంటే ముందు రేంజ్ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోవాలి. ఆ పని శుక్రవారం లోపు చేసుకోండి, ఆదివారం పొద్దున అక్కడ ఎవరూ ఉండరు.

ఇదంతా చివరికి ఒకే ఒక్క కాగితం మీదికి రావాలి. పుస్తకం మోయను, ఆ పేజీ జిరాక్సు వెనక చేత్తో రాస్తాను. గుర్తుపట్టే చోట్లు ఆరుకి మించకుండా, ఒక్కోదానికీ ఎత్తు, చేరాల్సిన టైము. ఎక్కడెక్కడ తప్పుకుని దిగిపోవచ్చో. నీళ్లు: మన కొండల మీద డిసెంబరులో కూడా మూడు లీటర్లు, మధ్యలో దొరకవనే లెక్క. అన్నిటికంటే పైన, గడి గీసి అందులో, వెనుదిరిగే టైము. డిసెంబరులో విజయవాడలో ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. దిగడానికి రెండున్నర గంటలు, పొరపాట్లకి ఇంకో గంట. కాబట్టి రెండు గంటలకి ఎక్కడున్నా వెనక్కి, శిఖరం వంద అడుగుల్లో ఉన్నా సరే. సియెరాలో అయితే మధ్యాహ్నం ఉరుములొస్తాయి, అక్కడ నా గడిలో రాసింది పన్నెండు. ఈ కాగితానికి నకలు మా వదిన దగ్గర ఉంటుంది. ఏడున్నరకి నా ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో ఆమెకి తెలుసు. ఒక్కదాన్నే వెళ్లడం కొండవీడు తర్వాత మానేశాను.

కొండ మీద ఆ కాగితం జేబులో కాదు, చేతిలో ఉండాలి. గుర్తు తగలగానే టిక్కు పెట్టి టైము రాయాలి. ప్రతి గుర్తు దగ్గరా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీయాలి, దిగేటప్పుడు కనపడే దృశ్యం అదే కాబట్టి. రాసినదానికీ నేలకీ పొత్తు కుదరకపోతే "ఇంకాస్త ముందుకి పోతే కుదురుతుందేమో" అని మనసు లాగుతుంది. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ ఇంకాస్తలోనే మొదలయ్యాయి. చివరి టిక్కు దగ్గరికి వెనక్కి వెళ్లి అక్కడ మళ్లీ చదవండి. డేనా మీద చదునుకి ముందు మేమూ తప్పాం. తమ్ముడు జాడ కనపడిందని దక్షిణానికి లాగాడు. పావుగంట వెనక్కి నడిచి ఆఖరి పైన్ చెట్ల దగ్గర నిలబడి చదివితే, మాకు కావాల్సిన జాడ మా వెనకే ఉంది.

ఇంటికొచ్చిన రాత్రే, స్నానం చేసి కూర్చుని, పుస్తకం అంచుల్లో రాస్తాను. మర్నాటికి పట్టిన టైము గుర్తుంటుంది, కాలు ఎక్కడ ఆగిందో గుర్తుండదు. మన కొండలకి పుస్తకం లేదు కాబట్టి రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెట్టాను. ఇప్పటికి పద్నాలుగు దారులయ్యాయి. ప్రతి దారికీ దిగేది ముందు, ఎక్కేది తర్వాత. మొదటి పేజీ ఇలా ఉంటుంది:

"కొండవీడు, వెనక వాలు, పెద్ద బండ. దిగడం: బండ మీదుగా లేదు. గోడ మొదట్లో తూర్పుకి నడిస్తే గండి, రేగు చెట్ల ఎడమ పక్కగా, అంటే ఉత్తరంగా, మేకల దారి, క్లాస్ 2, యాభై నిమిషాలు. ఎక్కడం: అదే దారి. బండ మీద క్లాస్ 3, ఇరవై నిమిషాలు, పైన లోపలికి సందు లేదు. చెప్పింది మేకల బాబాయ్. అడిగిన రోజే చెప్పాడు."